బయానా ఇచ్చిన బొమ్మలు

మా అటక మీద పదకొండు అట్టపెట్టెలున్నాయి. పన్నెండోది రావాలి. దానికి నేను డబ్బు కట్టింది 2017లో. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఏటా దసరాకి ఇల్లు దులిపేటప్పుడు మా ఆవిడ అటక కేసి చూసి, "ఏమండీ, ఈ ఏడైనా దింపుతారా, లేకపోతే పైనే ఆయుధపూజ చేసేయమంటారా?" అంటుంది. పెట్టెల నిండా కత్తులూ గొడ్డళ్లూ పట్టుకున్న బొమ్మలే కనక ఆ మాటకి నేను ఎదురు చెప్పలేను. బొటనవేలంత సైనికులు, అరచేయంత రాక్షసులు, అన్నీ బూడిదరంగు ప్లాస్టిక్. రంగులు మనమే వేసుకోవాలి. వందల బొమ్మల్లో నేను రంగు వేసినవి నాలుగు. నాలుగో దానికి ఒక కన్ను బుగ్గ మీదికి జారింది.

నర్సీపట్నంలో ఇలాంటి సామాను ఉన్న ఇల్లు ఇంకొకటి ఉందేమో నాకు తెలీదు. మా పెదబొడ్డేపల్లిలో మాత్రం లేదు. ఇది నా ఒక్కడి వెర్రి అని చాలాకాలం సిగ్గుపడ్డాను. తరువాత పాత పుస్తకాలు కాస్త తిరగేశాక తెలిసింది. ఇంకా తయారుకాని వస్తువు మీద ముందే డబ్బు పెట్టడం ఈ ప్రాంతానికి మూడు వందల ఏళ్ల పైబడిన అలవాటు. దాని వెనక పడినవాళ్లలో ఆఖరివాణ్ణి నేను, అంతే.

ముందు నా సంగతి చెప్పి తరువాత ఊరి సంగతికి వస్తాను.

2013లో నేను హైదరాబాద్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసేవాణ్ణి. శనివారం రాత్రుళ్లు ఒక సహోద్యోగి ఫ్లాట్‌లో నలుగురైదుగురం బల్ల చుట్టూ చేరి జర్మనీ ఆటలూ అమెరికా ఆటలూ ఆడేవాళ్లం. చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడినవాణ్ణి. అట్టమీద అచ్చేసిన రాజ్యాలూ, చెక్కముక్కల గొర్రెలూ చూసేసరికి మతిపోయింది. ఆ స్నేహితుడే కిక్‌స్టార్టర్ చూపించాడు. 2009 ఏప్రిల్ 28న న్యూయార్క్‌లో మొదలైన కంపెనీ అది. ఆట చేద్దామనుకున్నవాడు దాని బొమ్మ, వీడియో, ధర పెడతాడు. నచ్చినవాళ్లు డబ్బు కడతారు. అనుకున్న మొత్తం పోగైతే ఆట తయారవుతుంది, పోగవకపోతే ఎవరి డబ్బూ తీసుకోరు. వినడానికి ఎంత పద్ధతిగా ఉందో చూడండి.

అసలు మెలిక ఇంకో చోట ఉంది. అనుకున్న మొత్తం దాటాక ఆశ పెట్టడం మొదలవుతుంది. ఇంకో యాభై వేల డాలర్లు వస్తే అందరికీ ఒక రాక్షసుడు ఉచితం. ఇంకో లక్ష వస్తే డ్రాగన్. మన ఊళ్లో ఆషాఢం సేల్‌లో చీర మీద చీర ఇచ్చినట్టే, కాకపోతే ఆ చీర ఇంకా నేయలేదు. 2012లో రీపర్ అనే అమెరికా బొమ్మల కంపెనీ ఈ పద్ధతిలో 17,744 మంది దగ్గర 34 లక్షల డాలర్లకు పైగా పోగుచేసింది. వంద డాలర్లు కట్టినవాడికి ఉచితం మీద ఉచితం కలిసి రెండు వందలకు పైగా బొమ్మలు ముట్టాయి. ఆ తరువాత ఈ లెక్కలు ఎక్కడికో పోయాయి. 2016 చివర్లో మొదలైన కింగ్‌డమ్ డెత్ అనే ఆటకి 1 కోటీ 23 లక్షల డాలర్లు, 2020లో ఫ్రాస్ట్‌హేవెన్‌కి దాదాపు 1 కోటీ 30 లక్షల డాలర్లు. డబ్బు కట్టే వేళకి, దానికి రావలసిన పెట్టెలు ఇంకా తయారై లేవు.

"మేం దుకాణం కాదు" అని కిక్‌స్టార్టర్ వాళ్లే 2012 సెప్టెంబరులో బాహాటంగా ప్రకటించారు. ఆ మాట నేను చదివింది 2019లో. అప్పటికే చాలా పెట్టెలకు డబ్బు కట్టి ఉన్నాను.

మా తాత చెరకు రైతు. పొలం బేరాల్లో ఆయన బయానా అనేవాడు. అంతకుముందు తరంవాళ్లు సంచకరువు అనేవారట. బేరం కుదిరిందన్న గుర్తుకి ముందిచ్చే డబ్బు. సంచకరువు ఇచ్చినవాడికి వస్తువు మీద సగం హక్కు, పుచ్చుకున్నవాడికి సగం భయం అని ఆయన లెక్క. నేను డాలర్లలో కట్టింది కూడా సంచకరువే అనుకున్నాను. కాదని తెలియడానికి నాకు విశాఖపట్నం చరిత్ర కావలసి వచ్చింది.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో కొఠీ పెట్టింది 1682లో. వాళ్లకి కావలసింది గుడ్డ. ఇక్కడి గుడ్డల్ని పుంజాల లెక్కన అమ్మేవారు. పడుగులో పోగులు పెరిగేకొద్దీ పుంజాలు పెరుగుతాయి, పుంజాలు ఎక్కువైతే గుడ్డ అంత చిక్కన. ఓడ సీమకి వెళ్లే వేళకి వేల తానులు సిద్ధంగా ఉండాలి. నేతగాడి దగ్గర నూలు కొనడానికే డబ్బుండదు. అందుకని ముందుగా వర్తకుల ద్వారా, తరువాత తన మనుషుల ద్వారా కంపెనీ నేతవాళ్లకి దాదనీ ఇచ్చేది. అంటే బయానాయే. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చిన 1760ల తరువాత ఈ దాదనీ బిగుసుకుంది. దాదనీ పుచ్చుకున్న నేతగాడు ఆ గుడ్డ ఇంకెవరికీ అమ్మకూడదు. ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతుని కూర్చోబెట్టేవారు. ఆ బంట్రోతు బత్తెం కూడా నేతగాడే పెట్టుకోవాలి. గుడ్డ మంచిది కాదని గుమాస్తా తిప్పి కొడితే బాకీ అలాగే నిలిచి ఉండేది.

ఇది చదివినప్పుడు నాకు ముందు కోపమొచ్చింది. తరువాత, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, కొంచెం అసూయ కలిగింది. సొమ్ము ఇచ్చినవాడికి అంత పట్టు! 2017లో నేను కట్టిన డబ్బుకి బంట్రోతు లేడు, గుమాస్తా లేడు, వెళ్లి కూర్చోవడానికి గుమ్మమే లేదు. కంపెనీవాడికి కావలసినదానికన్నా వెయ్యి రెట్లు ఎక్కువ బలం ఉంది, నాకు కావలసినదాంట్లో వెయ్యో వంతు కూడా లేదు. ఇద్దరం చేసిన పని మాత్రం ఒకటే, ఎదుటివాడి చేతిలో ముందుగా డబ్బు పెట్టడం. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది.

గుడ్డలు సరే, ఆటబొమ్మల సంగతేమిటని మీరడగొచ్చు. విశాఖపట్నంలో అదీ ఉంది. కాకపోతే అది మనకోసం కాదు. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఇక్కడి కంసాలులు దంతం పొదిగిన సామాను చేసేవారు. 1756లోనే ఆ ఊరి దంతపు పొదుగు పని గురించి మేజర్ జాన్ కార్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి రాశాడు. కుర్చీలు, బీరువాలు, కుట్టుపని పెట్టెలు, వాటితోపాటు ఆటపెట్టెలు. గంధపు చెక్క మీద దంతం, గేదె కొమ్ము, తాబేటి చిప్ప పొదిగి చేసేవారు. పెట్టె విప్పితే ఒక పక్క చదరంగం గళ్లు, లోపలి పక్క బ్యాక్‌గేమన్ గళ్లు. వాటిని సీమ దొరలు కొనుక్కుని ఓడల్లో పట్టుకెళ్లారు. తరువాత అవి లండన్ వేలంపాటల్లో విజగపటం పెట్టెలన్న పేరుతో అమ్ముడవుతూ వచ్చాయి. మొదటిసారి వాటి ఫొటో చూసినప్పుడు నా అటక గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఆటపెట్టె ఇక్కడ తయారై అక్కడికి వెళ్లేది, నా రోజుల్లో ఎక్కడో తయారై ఇక్కడికి వచ్చింది. దేశాల మధ్య ఏనుగు దంతం వ్యాపారం మీద 1980ల చివర్లో నిషేధం పడింది. ఆ పనితనానికి అంతకు చాలాముందే గిరాకీ పడిపోయింది.

మరి మనవాళ్లు ఏమి ఆడుకునేవారు? పులి–మేక ఆటకి గుడి మంటపంలో రాతి మీద చెక్కిన గళ్లు, దాడి ఆటకి సుద్దగీతలు, అష్టాచెమ్మాకి గవ్వలు, గవ్వలు లేకపోతే అరగదీసిన చింతపిక్కలు. వామనగుంటలకి పీట ఉంటే పీట, లేకపోతే నేలలో గుంటలు. ఈ ఆటల్ని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. నియమాలు అమ్మమ్మ నోట్లో ఉండేవి. మా అమ్మమ్మ ఓడిపోతున్నప్పుడు ఆ నియమాలు మారుతూ కూడా ఉండేవి. అందుకే మన దగ్గర ఆటల వ్యాపారమంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా బొమ్మల వ్యాపారం.

బొమ్మలంటే మాకు ఏటికొప్పాక. నర్సీపట్నం నుంచి హైవే మీది అడ్డురోడ్డు వైపు వెళ్తే వరాహ నది ఒడ్డున ఉంటుంది. రైలు దిగి మా ఊరు వచ్చేవాళ్లదీ అదే దారి. నర్సీపట్నం రోడ్ అని స్టేషన్ పేరు పెట్టారు గాని, ఊరు అక్కడికి పాతిక కిలోమీటర్ల పైనే. చిన్నప్పుడు చుట్టాలని స్టేషన్‌లో దింపి వచ్చేటప్పుడు మా నాన్న ఏటికొప్పాకలో ఆపి చెల్లికి లక్కపిడతలు కొనేవాడు. గుప్పెట్లో పట్టే కుండలు, పొయ్యి, రోలు, తిరగలి, గరిటె. ఇంగ్లీషులో వీటినీ మినియేచర్లనే అనాలి. అలా అనుకున్న రోజున నా మీద నాకే నవ్వొచ్చింది. వేల రూపాయలు పోసి డ్రాగన్లు తెప్పించుకున్నవాడి ఇంట్లో, ముప్పై ఏళ్ల కిందట పది రూపాయలకి కొన్న తిరగలి ఇప్పటికీ తిరుగుతోంది.

వాటిని చేసేది అంకుడు కర్రతో. మా ఏజెన్సీ కొండల్లో దొరికే మెత్తని, తెల్లని కర్ర. నరికి ఆరబెడతారు, తోలు తీసి తరిమెన పడతారు. వెనకటికి తాడు లాగి తిప్పేవారు, ఇప్పుడు కరెంటు మోటారు. తిరుగుతున్న కర్రకి ఉలి ఆనించి రూపం తెచ్చాక లక్క కర్రని అదుముతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆఖరున మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మధ్యలో ఒక తరం రసాయనపు రంగుల్లోకి వెళ్లిపోయింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి చెట్ల రంగుల్ని మళ్లీ తెచ్చిన చింతలపాటి వెంకటపతిరాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది నేను పన్నెండో పెట్టెకి డబ్బు కట్టిన ఏడే. 2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే.

ఏటికొప్పాకకి ఇంకో ఘనత ఉంది. బొమ్మలు చూడ్డానికి వచ్చేవాళ్లకి అది ఎవరూ చెప్పరు. నా కథకి అసలు కీలకం అక్కడే ఉంది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం విదేశీ పంచదార మీద సుంకం పెంచి స్వదేశీ మిల్లులకి రక్షణ ఇచ్చింది. దేశమంతా మిల్లులు లేచాయి. అవి పెట్టుబడిదారులవి. ఏటికొప్పాక చుట్టుపక్కల రైతులు మాత్రం తలా కొంత వేసుకుని 1933లో సహకార చక్కెర మిల్లు పెట్టుకున్నారు. దేశంలో ఆ దారి పట్టిన మొట్టమొదటి నాలుగైదింట్లో అదొకటి. అనకాపల్లి పక్కన తుమ్మపాల, కృష్ణా జిల్లా ఉయ్యూరు, ఉత్తరప్రదేశ్‌లో బిస్వాన్ ఆ కాలానివే. లేని మిల్లుని, రాని యంత్రాన్ని, ఇంకా పండని చెరకుని నమ్మి ఊరి జనం షేరు డబ్బు కట్టారు. దీన్ని ఇవాళ్టి భాషలో క్రౌడ్‌ఫండింగ్ అనకపోతే ఇంకేమంటారు?

మా తాత అక్కడి షేరుదారు. మిల్లుని ఎప్పుడూ "మన ఫ్యాక్టరీ" అనేవాడు. చెరకు తూకంలో తేడా వచ్చిందనిపిస్తే ఎడ్లబండి అక్కడే వదిలేసి మేనేజరు గదిలోకి నడిచేవాడట. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, అందులో కేకలు, ఎన్నికలు, కులాల లెక్కలు, పార్టీలు, అన్నీ ఉండేవి. సహకార సంఘాలంటే పాలూ తేనే ప్రవహించిన చోట్లని నేననను. తుమ్మపాల మిల్లు గానుగ ఆడటం మానేసి ఏళ్లయింది. జిల్లాలో తక్కిన సహకార మిల్లుల ఇబ్బందులు పేపరు చదివేవాళ్లందరికీ తెలిసినవే. అయినా డబ్బు కట్టినవాడికి కేక వెయ్యడానికి ఒక గది ఉండేది, ఆ గదిలో కూర్చునేవాడు పక్క ఊరివాడే.

పుస్తకాల్లోనూ ఇదే దారి నడిచింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చందాదారుల్ని కూడగట్టి పుస్తకాలు వేశారు. మొదట వచ్చింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చందా కట్టినవాడు రేపు ఏ పుస్తకం వస్తుందో తెలియకుండా కట్టాడు, సంపాదకుడి పేరు చూసి కట్టాడు. నేను కట్టింది వీడియోలో డ్రాగన్ రెక్క ఆడించింది చూసి.

ఇప్పుడు నా పశ్చాత్తాపాల పద్దు.

మొదటి రకం: రానివి. నాకు రానిది ఒకటే. ఆ కంపెనీ పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. 2018లో వస్తుందన్నారు. చైనాలో అచ్చు విరిగిందన్నారు, తరువాత ఓడ కిరాయి పెరిగిందన్నారు. 2021లో కంటైనర్ల రేట్లు ఆకాశానికి అంటిన మాట నిజమే. "ఇంకో నలభై డాలర్లు కడితే పంపుతాం" అని అప్పుడు ఉత్తరం వచ్చింది. కట్టాను. అదీ పోయింది. మా తాత అయితే దీన్ని దొంగకి తాళం చెవి కూడా ఇచ్చి రావడం అనేవాడు. ఇలా మునిగినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారని తెలిసి కాస్త ఊరట పొందాను. రోబోటెక్ అనే ఆటకి 2013లో 5,342 మంది 14 లక్షల డాలర్లకు పైగా కట్టారు. సగం బొమ్మలు వచ్చాయి. మిగతా సగం రావని 2018లో తేల్చేశారు.

అట్లాంటిక్ సిటీ మీద ఒక ఆట కథ ఇంకా విచిత్రం. ద డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ దాని పేరు. 2012లో 35 వేల డాలర్లు అడిగితే 1,246 మంది 1,22,874 డాలర్లు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆట లేదు, డబ్బు లేదు. ఆ డబ్బుతో అద్దెలు కట్టుకుని వేరే రాష్ట్రానికి కాపురం మార్చాడని అమెరికా ప్రభుత్వపు వాణిజ్య కమిషన్ 2015లో ఆ చందాలు వసూలు చేసిన పెద్దమనిషి మీద కేసు తెచ్చింది. ఇలాంటి చందా వసూళ్ల మీద ఆ కమిషన్ తెచ్చిన మొట్టమొదటి కేసు అదే. లక్షా పదకొండు వేల డాలర్ల పైచిలుకు చెల్లించాలని తీర్పు, ఇచ్చుకునే స్తోమతు లేదని దాని అమలు నిలుపుదల. ఈలోగా ఇంకో కంపెనీ ఆ ఆటని తన ఖర్చుతో అచ్చేసి డబ్బు పోయినవాళ్లకి ఊరికే పంపింది. అలాంటి పుణ్యాత్ముడు నా పన్నెండో పెట్టెకి ఇంకా పుట్టలేదు.

రెండో రకం: వచ్చినవి. ఇదే ఎక్కువ బాధ. పోయినదాని మీద కోపం తెచ్చుకోవచ్చు, వచ్చినదాని మీద ఎవరిని తిడతాం? 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఇంటి నుంచి పనంటూ నర్సీపట్నం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. అంతకుముందు కట్టినవన్నీ ఆ రెండేళ్లలో ఒకదాని వెనక ఒకటి ఊడిపడ్డాయి. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 చేశారు. చైనా బొమ్మలని అడ్డుకుని ఏటికొప్పాక లాంటి ఊళ్లకి ఊపిరి పొయ్యడానికే అది. నాణ్యత ముద్ర తప్పనిసరన్న నిబంధన నుంచి మన చేతిపని బొమ్మలకి మినహాయింపు కూడా ఇచ్చారు. దానికి నేను పౌరుడిగా చప్పట్లు కొట్టాను. కొనుక్కున్నవాడిగా మాత్రం చిక్కాను, నా పెట్టెని కొరియర్‌వాడు బొమ్మల పద్దు కిందే వేశాడు. "సార్, ఆధార్ పంపండి, డ్యూటీ తొమ్మిది వేల రెండొందలు" అని ఫోను. "బాబూ, లోపల ఏముందో తెలుసా?" అన్నాను. "బొమ్మలని రాసుంది సార్. పిల్లలకా?" అన్నాడు. నలభై ఏళ్లవాణ్ణి, అవునన్నాను.

పెట్టె విప్పితే ఎనిమిది కిలోలు. నియమాల పుస్తకం 96 పేజీలు. ఆడటానికి కనీసం ముగ్గురు కావాలి, నాలుగు గంటలు పడుతుంది. మా అమ్మాయి మొదటి గంటలో నిద్రపోయింది. మా బావమరిది నియమాలు వింటూ మధ్యలో లేచి, "బావా, చిన్న పనుంది" అని వెళ్లాడు. ఆ చిన్న పని ఇంతవరకూ తెమల్లేదు. సంక్రాంతికి మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టినప్పుడు డ్రాగన్లని అడుగు మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన నిలబెట్టింది. వాటికి జరిగిన ఏకైక గౌరవం అది. పేరంటానికి వచ్చిన ఒక ముసలమ్మగారు రాక్షసుణ్ణి చేత్తో పట్టుకుని చూసి, "నరకాసురుడా తల్లీ? రంగేస్తే బాగుండును" అంది.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నేను కొన్నది ఆటలని కాదు, ఆ శనివారం రాత్రుళ్లని. అవి మళ్లీ వస్తాయని ఒక్కో పెట్టెకి బయానా కట్టాను. ఇంత సులువైన సంగతి పదకొండు పెట్టెలు ఇంటికొచ్చాక గాని తలకెక్కలేదు.

2022 దసరా తరువాత ఒక పని చేశాను. అష్టాచెమ్మా, పచ్చీసు, నా పెట్టెల్లో తేలికైన ఒకటి రెండు ఆటలు, అన్నింటికీ పనికొచ్చేట్టు అయిదు రంగుల్లో నలభై కాయలు చేయించుకుందామని ఏటికొప్పాక వెళ్లాను. ఒక మేస్త్రి దగ్గర అయిదు వందలు అడ్వాన్సు ఇచ్చాను. "సంకురాత్రికిచ్చేత్తాను బాబూ" అన్నాడు. సంక్రాంతి వచ్చింది, వెళ్లింది. ఫోను చేస్తే కర్ర ఆరలేదన్నాడు. శివరాత్రికి వెళ్లి ఆయన గుమ్మంలో కూర్చున్నాను. టీ తాగించాడు. ఢిల్లీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చిందని, నాది పక్కన పెట్టానని దాపరికం లేకుండా చెప్పాడు. "తప్పేనండి, కానీ మీది నలబై కాయలు, ఆలది నాలుగేలు." ఏమనగలను? కూర్చుని, ఆయన మనవడు లక్క అదుముతుంటే గంటసేపు చూసి వచ్చాను. మళ్లీ ఏప్రిల్‌లో వెళ్లాను. మే నెలలో కాయలు చేతికొచ్చాయి. నేనడిగిన ఊదారంగు లేదు. "ఊదా లక్క అయిపోనాదండి, ఆకుపచ్చేసేసినాను." అలా అయిదు రంగులు నాలుగయ్యాయి. ఆకుపచ్చవి పదహారు, మిగతావి ఎనిమిదేసి.

నాలుగు నెలలు ఆలస్యం, ఒక రంగు తక్కువ. కిక్‌స్టార్టర్‌లో అయితే ఈపాటికి వెయ్యిమంది తిట్లు రాసేవారు. నాకు కోపం రాలేదన్నది అబద్ధం, వచ్చింది. కాకపోతే ఆ కోపం పట్టుకెళ్లడానికి ఒక గుమ్మం, మధ్యలో కాస్త బస్సు ప్రయాణం, తిరిగి వచ్చేటప్పుడు ఒక గ్లాసు టీ ఉన్నాయి. నాకున్న పట్టు కంపెనీ బంట్రోతుకున్నంతా కాదు, అసలు లేనట్టూ కాదు. మా తాతకి మిల్లు మేనేజరు గదిలో ఉన్నది ఇలాంటిదే అయి ఉంటుంది.

కాయల్లో రెండు ఇప్పటికే పోయాయి, ఒకటి పక్కింటి కుక్క నమిలింది. మిగిలిన ముప్పై ఏడూ వాడుకలో ఉన్నాయి. అమ్మాయి పరీక్షలు లేని ఆదివారాలు మా అరుగు మీద అష్టాచెమ్మా నడుస్తుంది. అటక మీదివి కూడా ఒక్కొక్కటే దింపుదామని ఉంది. ఎనిమిది కిలోల దాంతో కాదు, తేలికైనదాంతో మొదలుపెడతాను, నియమాలు నేనే చెబుతాను, కుదిరితే కొన్ని తగ్గించి చెబుతాను. నర్సీపట్నంలోగాని చుట్టుపక్కలగాని ఆడదామనుకునేవాళ్లెవరైనా ఉంటే పెదబొడ్డేపల్లి రండి. అరుగు మీద ఆకుపచ్చ కాయలు కనిపించే ఇల్లే మాది. ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక ఇంట్లోనే ఉంటాను. ఇంకో ఇద్దరు కావాలి.